ఎవరి ముందు చెప్పిన మాట?

భద్రాచలం ఐటీడీఏ పరిధిలో పనిచేసే సూపర్‌వైజరు కావచ్చు, చింతూరు వైపు గూడేలు తిరిగే స్వచ్ఛంద సంస్థ కోఆర్డినేటరు కావచ్చు, ఖమ్మంలో జిల్లా పేజీ చూసే విలేకరి కావచ్చు, ఏటా కొన్ని అధ్యయన నివేదికలు చేతికొస్తూనే ఉంటాయి. కోయ గూడేల్లో బాలింతల ఆహారం, ఆశ్రమ పాఠశాలల్లో బడి మానేస్తున్న పిల్లలు, బస్తర్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల ఆరోగ్యం. వీటిలో పట్టికలు తక్కువ, మనుషుల మాటలు ఎక్కువ. పాతిక ఇంటర్వ్యూలు, మూడు నాలుగు గ్రూపు చర్చలు, చివర సిఫారసులు. వాటిని పట్టుకుని ఒకరు బడ్జెట్ ప్రతిపాదన పంపుతారు, ఒకరు వార్త రాస్తారు, ఇంకొకరు నడుస్తున్న పథకాన్ని ఆపేస్తారు. కాబట్టి అందులో ఏది నమ్మాలో తేల్చుకోవడం మన ఉద్యోగంలో భాగం. దాన్ని మనకు ఎవరూ నేర్పరు.

నేర్పకపోవడం వల్ల రెండు అలవాట్లు స్థిరపడ్డాయి. కొందరు "పాతిక మంది చెబితే జిల్లా అంతా అలాగే ఉన్నట్టా" అని నివేదికను పక్కన పడేస్తారు. మరికొందరు గుండె బరువెక్కించే మాట ఒకటి చదివి అంతా నిజమేననుకుంటారు. నివేదికను నిజంగా చదవలేదన్న విషయంలో ఇద్దరూ ఒకటే. మనుషుల మాటల ఆధారంగా చేసే గుణాత్మక పరిశోధనకు తనదైన బలం ఉంది, తనదైన హద్దు ఉంది. ఆ రెండూ ఎక్కడున్నాయో చెప్పే ఉదంతం మన దగ్గరే, భద్రాచలంలోనే జరిగింది.

2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ముందే కాపాడే టీకా అది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలను ఎంచుకుని, 10 నుంచి 14 ఏళ్ల లోపు ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గార్డాసిల్ టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో కంపెనీ టీకాతో ఇలాంటి కార్యక్రమమే నడిచింది. భద్రాచలంలో టీకా వేయించుకున్న వాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు ఎక్కువ.

కొన్ని నెలలకు కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలొచ్చాయి. 2010 మార్చిలో ఢిల్లీలోని 'సమ' అనే మహిళా ఆరోగ్య సంస్థ, ఇతర కార్యకర్తలతో కలిసి, భద్రాచలం వచ్చింది. పిల్లలతో, తల్లిదండ్రులతో, వార్డెన్లతో, టీచర్లతో మాట్లాడింది. నిజనిర్ధారణ బృందాలు తెలుగు నేలకు కొత్త కాదు. పౌరహక్కుల సంఘం, మానవ హక్కుల వేదిక దశాబ్దాలుగా ఆ పని చేస్తూనే ఉన్నాయి. ఈ బృందం పద్ధతీ అదే. ఊరికి వెళ్లడం, అడగడం, విన్నది రాసుకోవడం. వాళ్లు బయటపెట్టిన వాటిలో ముఖ్యమైనవి రెండు. తల్లిదండ్రులకు సరిగా చెప్పకుండా, వాళ్ల అనుమతి లేకుండా, హాస్టల్ పెద్దల సంతకాలతో టీకా వేశారన్నది మొదటిది. టీకా తర్వాత కొందరు పిల్లలకు కడుపునొప్పి, తలనొప్పి, ఫిట్స్ లాంటివి వచ్చాయన్నది రెండోది. మరుసటి నెల, ఏప్రిల్‌లో, కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. విచారణ కమిటీ వేసింది.

ఆ రెండు మాటలూ ఏమయ్యాయో చూడండి. మొదటిదాన్ని కాగితంతో పోల్చి చూసుకునే వీలుంది. విచారణ కమిటీ అనుమతి పత్రాలు తెప్పించి చూసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అంటే పదింట దాదాపు మూడు. 2013 ఆగస్టు 30న పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ అంకెలను ఉటంకించి, పాత్‌ను, వైద్య పరిశోధన మండలిని గట్టిగా తప్పుపట్టింది. గూడెంలో తల్లులు, హాస్టల్లో పిల్లలు చెప్పిన మాట, సంతకాల కాగితం మీద అలాగే కనిపించింది.

రెండోది వేరు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అందులో ఐదుగురు ఖమ్మం జిల్లా వాళ్లు. నీట మునగడం, పాముకాటు, పురుగుల మందు, మలేరియా వంటి కారణాలను చూసిన విచారణ కమిటీ, ఈ మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం దాదాపు లేదనే తేల్చింది. ఈ టీకా చాలా దేశాల్లో కోట్ల మంది ఆడపిల్లలకు వేశారు, దాని భద్రతకు ఆధారాలు బలంగా ఉన్నాయి. మరి కడుపునొప్పి వచ్చిందన్న పిల్ల అబద్ధం చెప్పిందా? లేదు. ఆ పిల్లకు నొప్పి వచ్చింది, అది టీకా తర్వాత వచ్చింది. అంతవరకు ఆమె మాటే సాక్ష్యం, అంతకంటే మంచి సాక్షి ఎవరూ లేరు. ఆ నొప్పి టీకా వల్లే వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఆమె దగ్గర ఉండదు. టీకా వేయించుకున్న వాళ్లలో, వేయించుకోని వాళ్లలో అలాంటి నొప్పులు ఎంతెంత మందికి వచ్చాయో పోల్చితే తప్ప తెలియదు. పైగా ఆ కార్యక్రమంలో దుష్ప్రభావాలను కనిపెట్టి నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదని పార్లమెంటు సంఘమే అంది. పోల్చడానికి కావలసిన లెక్కే తయారు కాలేదు.

అదే బృందం, అవే రోజులు, అవే హాస్టళ్లు. ఒక మాట నిలబడింది, ఇంకో మాట మోయలేని బరువు మోయాల్సి వచ్చింది. కాబట్టి మీ చేతికొచ్చిన నివేదికను "నమ్మాలా, వద్దా" అని మొత్తంగా తూచకండి. వాక్యం వాక్యం తూచండి. ఏం జరిగింది, ఎవరికి ఏం చెప్పారు, ఎవరికి ఏం చెప్పలేదు, వాళ్లకు ఏమనిపించింది, ఎందుకు రాలేదు, ఎందుకు మానేశారు... ఇవన్నీ ఇంటర్వ్యూ మోయగల ప్రశ్నలు. దీనివల్లే అది జరిగింది, జిల్లాలో ఇంత శాతం మందికి జరిగింది... ఇవి మోయలేనివి. మోయలేని వాక్యం కనిపించిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఆ గీత పెట్టినంత మాత్రాన మిగతా వాక్యాలు అబద్ధమైపోవు. టీకా విషయంలో అప్పుడు జరిగిన అన్యాయం అదే. టీకానే చంపిందని ప్రచారం చేసినవాళ్లు ఒకవైపు, మరణాలకు సంబంధం లేదని తేలగానే అనుమతుల సంగతీ వట్టిదేనని కొట్టిపారేసినవాళ్లు మరోవైపు. తమను అడగకుండా తమ పిల్లలకు సూది వేశారన్న తల్లుల మాట ఆ రెంటి మధ్యా నలిగిపోయింది.

ఈ ఉదంతానికి ముందు భాగం కూడా ఉంది. టీకా మొదలెట్టక ముందే పాత్ సంస్థ తల్లిదండ్రులతో, ఆడపిల్లలతో, టీచర్లతో, ఆరోగ్య సిబ్బందితో మాట్లాడి, ఇలాంటి టీకాను జనం ఎలా స్వీకరిస్తారో అధ్యయనం చేసింది. అలాంటి అధ్యయనాలు అవసరమే, చేయడం మంచిదే. కానీ గ్రూపు చర్చలో "ప్రభుత్వం వేస్తే వేయించుకుంటాం" అని పదిమంది తలూపడం వేరు, ఫలానా గూడెంలోని ఫలానా తల్లి తన కూతురికి వేయమనడం వేరు. మొదటిది అభిప్రాయం, రెండోది అనుమతి. మీ ప్రాజెక్టు ఫైలులో "సముదాయం సుముఖంగా ఉంది" అన్న ముక్క కనిపించినప్పుడల్లా ఈ తేడా గుర్తుచేసుకోండి.

ఇక మాట ఎక్కడ పుట్టిందన్న సంగతి. నన్నడిగితే పద్ధతి గురించి రాసిన పేజీలో మొదట వెతకాల్సింది ఇదే. ఎంతమందిని అడిగారన్నది తర్వాత.

ఆశ్రమ పాఠశాలలో ఇంటర్వ్యూ ఎలా జరుగుతుందో ఈ ప్రాంతంలో పనిచేసే వాళ్లకు తెలియంది కాదు. వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. వచ్చిన వాళ్లకు వార్డెన్ టీ తెప్పిస్తారు. ఆరో తరగతి నుంచి ఒక పిల్లను పిలిపిస్తారు. అడిగేవాళ్లు కూర్చుని ఉంటారు, పిల్ల చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది. వార్డెన్ పక్క గదిలోకి వెళ్లినా తలుపు తెరిచే ఉంటుంది. "భోజనం ఎలా ఉంటదమ్మా?" "బాగుంటది సార్." "గుడ్డు పెడతారా?" "పెడతరు సార్." నివేదికలో ఇది "విద్యార్థినులు భోజనం పట్ల సంతృప్తి వ్యక్తం చేశారు" అని అచ్చవుతుంది. ఆ పిల్ల ఆ మాట అన్నది నిజమే. తలుపు తెరిచి ఉన్నప్పుడు అన్న మాట అది. అదే పిల్లను దసరా సెలవుల్లో ఇంటి దగ్గర, వాళ్ల నాయనమ్మ పక్కన కూర్చుని ఉండగా అడిగితే ఇంకేదైనా చెప్పొచ్చు, చెప్పకపోనూవచ్చు. రెండు చోట్లా అడిగి, రెండు జవాబులూ రాసిన నివేదిక ఉంటే దాన్ని భద్రంగా దాచుకోండి. ఎక్కడ అడిగారో రాయని నివేదిక ఉంటే, రాసినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. వాళ్ల ఉద్దేశం మంచిదైతే చెప్పడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు.

సరిహద్దు గూడేల్లో ఈ సంగతి ఇంకా బరువైంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం అనే మావోయిస్టు వ్యతిరేక ఉద్యమం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్ వైపు నుంచి వేలమంది అడవి దాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2007 డిసెంబరులో దంతెవాడతో పాటు ఖమ్మం కూడా వచ్చి ఆ పిల్లల చదువు, ఆరోగ్యం పరిశీలించింది. 2008లో హ్యూమన్ రైట్స్ వాచ్ వెలువరించిన నివేదికలో ఇక్కడ తలదాచుకున్న వాళ్ల మాటలున్నాయి. అటు పోలీసులకు, ఇటు మావోయిస్టులకు మధ్య బతికిన మనిషి, కొత్త ముఖం ఎదురుగా కూర్చుని అడిగితే, ముందు ఆలోచించేది జవాబు గురించి కాదు. ఈ మాట ఎవరి చెవిన పడుతుందా అని. అందుకే అలాంటి నివేదికల్లో పేర్లు, ఊర్లు మార్చి రాయడం లోపం కాదు, బాధ్యత. లోపం ఎప్పుడంటే, పేరు దాచడంతో పాటు అన్నీ దాచినప్పుడు. మాట్లాడింది ఆడమనిషా మగమనిషా, ఎంత వయసు, ఊరు వదిలి ఎన్నేళ్లయింది, ఆ సంఘటన కళ్లారా చూశారా, విన్నారా? ఇవి చెప్పడానికి పేరు అక్కర్లేదు. "స్థానికులు తెలిపారు" అని మాత్రమే ఉన్న పేరా మీద నిర్ణయం తీసుకోకండి.

దుబాసీ ఎవరన్నది కూడా అడగండి. కొండరెడ్లది తెలుగే. కోయలకు కోయ భాష ఉంది. గొత్తికోయలు బస్తర్ మాట మాట్లాడతారు. హైదరాబాద్ నుంచి వచ్చిన పరిశోధకులు మూడు చోట్లా తెలుగులోనే అడిగి ఉంటే, తెలుగు బాగా వచ్చినవాళ్లే ఎక్కువ మాట్లాడి ఉంటారు. అంటే బయటికి వెళ్లొచ్చే మగవాళ్లు, చదువుకున్న కుర్రాళ్లు. ముసలమ్మల మాట దుబాసీ కుదించి చెప్పిందే మిగులుతుంది. ఇంకో చిక్కు చాలా తరచుగా చూస్తుంటాం. సంస్థ పనిని మదింపు చేయడానికి బయటివాళ్లు వస్తారు, వాళ్లకు దుబాసీగా వెళ్లేది ఆ సంస్థలో జీతం తీసుకునే కార్యకర్తే. "మా సార్ పనిచేసే సంస్థ బాగా చేయట్లేదు" అని ఆ సార్ ముందే, ఆ సార్ నోటి ద్వారానే ఎవరు చెబుతారు? ఆ కార్యకర్త ఎంత నిజాయితీపరుడైనా పరిస్థితి మారదు. నివేదికలో ఉటంకించిన మాటలను వరసగా, బయటికి చదివి చూడండి. అరవై ఏళ్ల కోయ అవ్వ, పందొమ్మిదేళ్ల గొత్తికోయ కుర్రాడు, అంగన్‌వాడీ టీచరమ్మ ముగ్గురూ ఒకే రకం చక్కటి పొడుగాటి వాక్యాలు పలుకుతుంటే, మీరు వింటున్నది ఆ ముగ్గురి మాట కాదు, రాసినవాళ్ల మాట.

తేదీలు చూడండి. ఇది పట్నంలో కూర్చున్న ఆఫీసుకు తట్టదు, మనకు తట్టాలి. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోతారు. ఏప్రిల్ చివర నుంచి తునికాకు. పొద్దున్నే అడవికి, మధ్యాహ్నానికి ఇంటికి, ఆకు కట్టలు కట్టి సాయంత్రం కల్లానికి. మిర్చి కోతలప్పుడు కుటుంబాలకు కుటుంబాలే కదిలిపోతాయి. మే నెలలో పదకొండు గంటలకు జీపు దిగిన బృందానికి గూడెంలో దొరికేది నడవలేని ముసలివాళ్లు, పసిపిల్లలు, ఇంకా ఆ రోజు ఏ పనీ లేని ఒకరిద్దరు. ఆ బృందం "గ్రామస్థులు" అని రాసేది వాళ్లనే. వానలు పడి వాగులు పొంగితే కొన్ని గూడేలకు దారే ఉండదు, మలేరియా ముదిరేదీ ఆ నెలల్లోనే. మలేరియా మీద అధ్యయనం జనవరిలో, తారురోడ్డు పక్క ఊళ్లలో జరిగిందని తెలిస్తే, దాని విలువ ఎంతో మీరే చెప్పగలరు.

ఎంతమంది చాలు అన్న ప్రశ్నకు ఈ మధ్య ఒక జవాబు చలామణిలో ఉంది: పన్నెండు. పన్నెండు ఇంటర్వ్యూల తర్వాత కొత్త సంగతులు రావు, ఇక ఆపొచ్చు అని. దీని మూలం 2006లో గెస్ట్, బన్స్, జాన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు రాసిన వ్యాసం. ఘనా, నైజీరియాల్లో చేసిన 60 ఇంటర్వ్యూలను విశ్లేషిస్తే, ప్రధానమైన అంశాలు మొదటి పన్నెండులోనే బయటపడ్డాయని వాళ్లు రాశారు. అయితే వాళ్లు మాట్లాడింది ఇంచుమించు ఒకే రకం జీవితం ఉన్న ఆడవాళ్లతో, ఒకే రకం ప్రశ్నలతో. ఆ అంకెను తెచ్చి మన మీద రుద్దితే ఎలా? కుక్కునూరు పక్కన గోదావరి ఒడ్డు కోయలు, పాపికొండల కొండరెడ్లు, అడవి లోపలి గొత్తికోయలు, లంబాడాలు, నాయకపోళ్లు, వీళ్లందరినీ కలిపి పన్నెండు మందితో ముగించిన అధ్యయనం ఒక్కో సముదాయం నుంచి ఇద్దర్నో ముగ్గుర్నో వింది. అంకె కంటే ముఖ్యమైంది, ఎవరు మిగిలిపోయారో వాళ్లే రాసుకున్నారా అన్నది. "అడవి లోపలి మూడు గూడేలకు వెళ్లలేకపోయాం, కాబట్టి వాళ్ల సంగతి ఇందులో లేదు" అన్న వాక్యం ఉన్న నివేదికకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మాటను ఇంకో ఆధారంతో కలిపి చూడడం ఏదో విశ్వవిద్యాలయాల పద్ధతి అనుకోనవసరం లేదు. పోడు పట్టాల పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ అది చేస్తున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నిబంధనల్లో 13వది చదవండి. భూమి సాగులో ఉందనడానికి ఊరి పెద్దల వాంగ్మూలం కూడా ఆధారమే. అయితే ఆ పెద్దలు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు కాకూడదు, వాళ్ల మాట రాతలో ఉండాలి, ఆ పైన ఒకటికి మించిన ఆధారాలు చూడాలి. ఉపగ్రహ చిత్రాలు మిగతా ఆధారాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటి స్థానాన్ని ఆక్రమించకూడదని 2012 సవరణ స్పష్టం చేసింది. గుణాత్మక పరిశోధనకు కావలసిన మర్యాదలన్నీ ఈ ఒక్క నిబంధనలో ఉన్నాయి. లాభం లేని సాక్షి, రాసి పెట్టిన మాట, పక్కన మరో ఆధారం, పైనుంచి తీసిన ఫొటో కంటే మనిషి మాట తక్కువేం కాదన్న గౌరవం.

పెద్దల మాటలో ఏడాది అంకె ఎప్పుడూ ఉండదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉందా అని చట్టం అడుగుతుంది. ముసలాయన "పెద్ద వరదకు ముందే కొట్టినం" అంటాడు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన 1986 ఆగస్టు వరదను మనసులో పెట్టుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చాక "పెద్ద వరద" అంటే ఏదో మళ్లీ అడగాల్సి వస్తోంది. మంచి పరిశోధకుడు ఆ రెండో ప్రశ్న అడుగుతాడు, అడిగినట్టు రాస్తాడు కూడా. నివేదికలో ఒక్క జ్ఞాపకానికైనా ఇలా కాలాన్ని కట్టి చూపించారేమో వెతకండి.

"ఖమ్మం గిరిజనులు" అన్న మాట కనిపిస్తే, ఏ ఖమ్మం అని కూడా అడగాలి. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు, ఇంకా భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయింది. వెంకటాపురం, వాజేడు ఇప్పుడు ములుగులో ఉన్నాయి. 2012లో "ఖమ్మం జిల్లా"లో విన్న ఒక కొండరెడ్డి మాటను, 2024లో "ఖమ్మం జిల్లా" పథకానికి ఆధారంగా వాడితే, ఆ మనిషి ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఉండొచ్చు, పునరావాస కాలనీకి మారిపోయి కూడా ఉండొచ్చు.

పాత పుస్తకాల మాటలు ఎత్తి రాసిన చోట కూడా ఇలాంటి జాగ్రత్తే కావాలి. కోయల ఆచారాలని ఇవాళ్టికీ నివేదికల మొదటి అధ్యాయంలో వచ్చే వివరాలు చాలావాటికి మూలం 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాలు. థర్‌స్టన్ కోయల గురించి రాసిన దాంట్లో పెద్ద భాగం దుమ్ముగూడెంలో ఉండిన మిషనరీ జాన్ కెయిన్ రాసినదాని మీద ఆధారపడింది. కెయిన్ ఆ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1870లలోనే రాశాడు. అంటే నూటయాభై ఏళ్ల కిందట ఒక మతప్రచారకుడు చూసిన సంగతి, వర్తమాన క్రియలో, "కోయలు ఇలా చేస్తారు" అని మన బల్లమీద కూర్చుంటోంది. ఎప్పుడు, ఎవరు, ఏ పనిమీద వచ్చి చూశారో రాయని ఆచారం కనిపిస్తే ఆ పేజీ తిప్పేయండి.

దీనికి భిన్నంగా చేసిన మనిషి కూడా ఈ గోదావరి ఒడ్డునే తిరిగాడు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన నిజాం ప్రభుత్వంతో పనిచేసినవాడు, ఆ అండతోనే గూడేలకు వెళ్లాడు. ఆ సంగతి దాచలేదు. కలప కాంట్రాక్టర్లు రెడ్లను ఎలా పిండుకుంటున్నారో కూడా రాశాడు. అంతకంటే నాకు గౌరవం కలిగించేది, ఆయన మళ్లీ రావడం. 1970ల చివర్లో తాను నలభైలలో చూసిన తెగల మధ్యకు తిరిగి వెళ్లి, ఏం మారిందో, ఎవరి భూమి ఎవరి చేతికి పోయిందో చూసి, 1982లో భారత గిరిజనుల మీద మరో పుస్తకం వేశాడు. మనకొచ్చే నివేదికల రచయితల్లో రెండోసారి ఊరికి వెళ్లి "మేం ఇలా రాశాం, సరేనా" అని అడిగినవాళ్లు ఎందరు? అడిగితే ఎవరో ఒకరు కాదంటారు. ఆ కాదన్న మాట నివేదికలో ఉందా? అందరూ ఒకే మాట చెప్పారని, ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదని రాసిన అధ్యయనాన్ని అనుమానించాలి. ఏ గూడెంలో అయినా ఎదురు చెప్పేవాళ్లు ఒకరుంటారు. ఆ ఒక్కరిని వెతికి, ఆమె మాట తమ నిర్ధారణకు ఎందుకు సరిపడలేదో రాసినవాళ్లు నమ్మదగినవాళ్లు.

పరిశోధకుల లోకంలో వీటికి పేర్లున్నాయి. 1985లో లింకన్, గూబా అనే ఇద్దరు అమెరికన్లు ఇలాంటి అధ్యయనాల విశ్వసనీయతను చూడడానికి నాలుగు కొలతలు ప్రతిపాదించారు. చెప్పినవాళ్లకు అది తమ మాటేననిపిస్తుందా, ఇంకో చోటికి ఎంతవరకు వర్తిస్తుంది, పద్ధతి స్థిరంగా సాగిందా, నిర్ధారణలు ఆధారాల్లోంచి వచ్చాయా లేక రాసినవాళ్ల ఇష్టాల్లోంచా అన్నవి. 2007లో వచ్చిన కోరెక్ అనే చెక్‌లిస్టులో 32 అంశాలున్నాయి. పనికొచ్చేవే. కానీ ఈ మధ్య 32కు 32 టిక్కులు పెట్టి, ఒక్క ఊరు కూడా కళ్లకు కట్టని నివేదికలొస్తున్నాయి. టిక్కు ఉందంటే ఆ సంగతి ప్రస్తావించారని అర్థం, బాగా చేశారని కాదు.

ఇంతకీ సోమవారం నివేదిక వచ్చింది, శుక్రవారం నోట్ పెట్టాలి. అన్నీ చూసే టైం ఉండదు. ముందు సిఫారసులు చదవండి. వాటిలో డబ్బుతోనో, పిల్లల ఆరోగ్యంతోనో ముడిపడ్డవి రెండో మూడో ఎంచుకోండి. ఒక్కోదాని వెనక ఏ మనిషి మాట ఉందో వెనక్కి వెళ్లి పట్టుకోండి. మాట దొరక్కపోతే ఆ సిఫారసు రచయితది, గూడేనిది కాదు. దొరికితే ఎక్కడ, ఎవరి ముందు, ఏ భాషలో, ఏ నెలలో అని చూడండి. దాన్ని పోల్చుకోవడానికి మీ ఆఫీసులోనే ఉన్న కాగితం ఏదో ఆలోచించండి. హాస్టల్ హాజరు పట్టీ, పీహెచ్‌సీ రిజిస్టరు, గ్రామసభ తీర్మానం, రేషన్ షాపు రికార్డు, ఏదో ఒకటి ఉంటుంది. వీలైతే నివేదికలో లేని ఒక గూడేనికి, సంత రోజు కాకుండా సాయంత్రం పూట వెళ్లి అదే ప్రశ్న అడిగి రండి. రచయితలకు రాసి ఫీల్డ్ నోట్సులో రెండు పేజీలు అడగండి. పేర్లు కొట్టేసి పంపమనండి, పేర్లు మనకు అక్కర్లేదు. పేర్లతో సహా పంపితే వెంటనే తిప్పి పంపండి. ఈ సరిహద్దులో ఒక ఫైలు ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలుసు.

నోట్ రాసేటప్పుడు "నివేదిక ప్రకారం" అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. "ఫలానా మండలంలో, తునికాకు సీజనులో, కార్యకర్త దుబాసీగా ఉండగా ఎనిమిది మంది తల్లులు ఇలా చెప్పారు. హాజరు పట్టీతో పోల్చితే సరిపోయింది. అడవి లోపలి గూడేల సంగతి తెలియదు" అని రాయండి. పై అధికారికి అది పొడుగనిపిస్తే అననివ్వండి. రేపు ఆ ఎనిమిది మందిలో ఒకరు ఆఫీసుకొచ్చి, మా పిల్లల గురించి ఏం రాసుకున్నారని అడిగితే, ఆ ఫైలు తీసి చదివి వినిపించగలగాలి.